గడ్డా, వాపా

మార్చి 4, మంగళవారం

అక్క కళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఈ మాట ఎవరితోనైనా అనాలని మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను. అనడానికి మనిషి లేడు. అక్కతో మళ్ళీ అంటే కొడుతుంది. బావతో అంటే బస్సు నడుపుతూ ఏడుస్తాడు. అందుకని మా ఎమ్మారై గదిలో ఎవరికీ అక్కర్లేక పడున్న రిజిస్టరు ఒకటి తెచ్చుకుని ఇందులో రాస్తున్నాను. నలభై ఒక్క ఏళ్ళొచ్చాక డైరీ మొదలుపెట్టడం సిగ్గుగానే ఉంది.

భోజనం వేళ అక్క కుట్టు షాపుకి వెళ్ళాను. బల్ల మీద వంగి సుద్దతో ఎవరిదో ప్యాంటు గీస్తోంది. టేపు మెడలో, గుండుసూదులు కాలర్లో, నోరు పనిలో. వెలుతురుకి అడ్డంగా నిలబడ్డానని కేకలేసింది. పక్కకి జరిగాను. వెలుతురు ఆవిడ మొహాన పడింది. కళ్ళల్లో తెలుపన్నదే లేదు.

"అక్కా, నీ కళ్ళు పచ్చగా ఉన్నాయి."

"నీ కళ్ళద్దాలు తుడుచుకో."

"ఆకలేస్తోందా?"

"నిన్ను చూస్తే ఎవరికి ఆకలేస్తుంది?"

అంటూనే మోచెయ్యి గోక్కుంది. రెండు చేతులూ గీరుకుపోయి ఉన్నాయి. గట్టిగా నిలదీస్తే చెప్పింది, మూడు వారాలుగా పొట్ట పైభాగంలో ఏదో బరువుగా ఉండి వీపులోకి పాకుతోందట. కొత్త కుర్చీ పడలేదు, అదే కారణం అంది. కామెర్లు కుర్చీ వల్ల రావు అన్నాను. "నువ్వు ఫొటోలు తీసేవాడివా, డాక్టరువా?" అంది.

పద్నాలుగేళ్ళుగా ఎమ్మారై టెక్నీషియన్‌ని. మా అక్క దృష్టిలో ఇప్పటికీ ఫొటోలవాడినే.


మార్చి 5, బుధవారం

బావ సెలవు పెట్టాడు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేశాం.

రక్తంలో కామెర్లు ఎక్కువ. క్లోమానికి సంబంధించినది ఒకటి చూస్తారు, అదీ ఎక్కువే. పొట్ట మీద జిగురు రాసి తీసే స్కానింగ్‌లో గ్యాసు అడ్డొచ్చి సగమే కనబడింది. కనబడిన సగంలోనే క్లోమం తల దగ్గర ఉబ్బి ఉంది. జీర్ణాశయం వెనకాల, వెన్నుకి ఆనుకుని, ఎవరికీ కనబడకుండా దాక్కుని ఉంటుంది అది. బాగున్నంత కాలం అలాంటిదొకటి ఉందనే ఎవరికీ గుర్తుండదు.

పొట్ట డాక్టరు అక్కని బయట కూర్చోబెట్టి మా ఇద్దరితో మాట్లాడాడు. "ఇది గడ్డ కావచ్చు, వాపు కావచ్చు. నొప్పి తక్కువగా ఉండి కామెర్లు ఇంతగా వచ్చాయంటే మొదట గడ్డనే అనుమానించాలి. వాపైతే మందులున్నాయి. ఎమ్మారై తీయించండి, చాలావరకు తేలుతుంది."

గడ్డ అంటే ఏ గడ్డో ఆయన చెప్పలేదు. బావ అడగలేదు. నేను అడగక్కర్లేదు.

బయటికి రాగానే అక్క, "ఏమన్నాడు?" అంది.

"ఫొటో తీయించుకోమన్నాడు" అన్నాను.

"అయితే నీకే లాభం" అంది. నవ్వాను కూడా.


మార్చి 6, గురువారం

రేపు పొద్దున ఏడున్నరకి. మొదటి స్లాట్ నేనే ఇప్పించాను. తీసేది నాతో పాటు పనిచేసే టీచరమ్మ. సొంతవాళ్ళవి మేం తీయకూడదు, అది మా రూలు. మంచి రూలు. బొమ్మలు కూడా చూడను. చూడాల్సిన పని నాకు లేదు.


మార్చి 7, శుక్రవారం

ఇవాళ్టిది వరసగా రాయాలి, లేకపోతే బుర్రలో కలగాపులగం అయిపోతుంది.

రాత్రి నుంచీ అక్క నోట్లో నీళ్ళు కూడా పోసుకోలేదు. ఏడుంబావుకి టీచరమ్మ పెద్ద గ్లాసుతో పైనాపిల్ జ్యూస్ ఇచ్చింది. ఖాళీ కడుపున ఉండమని మళ్ళీ ఇదేమిటని అక్క దెబ్బలాటకి దిగింది. ఆ రసం తాగితే జీర్ణాశయంలో ఉన్న నీరు బొమ్మలో తెల్లగా మెరవకుండా నల్లబడుతుంది, దాని వెనకున్న సన్న గొట్టాలు స్పష్టంగా పడతాయి అని టీచరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆవిడ పూర్వం చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. అక్క బుద్ధిగా తాగేసింది. నేను చెప్పి ఉంటే గ్లాసు నా నెత్తిన పడేది.

ఆ తర్వాత గుండుసూదులు. మా అయస్కాంతానికి సెలవు లేదు, మెషీను నడవకపోయినా లాగుతూనే ఉంటుంది. అక్క కాలర్లోంచి ఆరు సూదులు తీసి బావ చేతిలో పెట్టాను. గౌను మార్చుకుని వచ్చింది. లోహం చూసే కర్ర ఒంటి చుట్టూ తిప్పితే నడుం దగ్గర కీచుమంది. గౌను నాడా వదులుగా ఉందట. అందుకని బావ చేతిలోంచి ఒక సూది తీసుకుని చక్కగా లోపలి నుంచి కనబడకుండా పెట్టుకుని వచ్చింది.

"మీ గౌన్లు కుట్టినవాడెవడ్రా? వాణ్ణి నా దగ్గరికి పంపించు" అంది. టీచరమ్మ నవ్వింది. అక్క లోపలికి వెళ్ళింది, తలుపు పడింది.

నేను బావ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. కాళ్ళు చాపితే ఎదుటి గోడ తగులుతుంది. ఇన్నేళ్ళుగా జనాన్ని "కాస్త ఓపిక పట్టండి" అంటూ కూర్చోబెట్టింది ఇక్కడా అనుకున్నాను.

శబ్దాన్ని బట్టి లోపల ఏం తీస్తున్నారో నాకు తెలుస్తుంది. మైకులో టీచరమ్మ గొంతు సన్నగా వినిపిస్తోంది. పీల్చండి, వదలండి, బిగబట్టండి. గొట్టాల బొమ్మలు అయ్యాయి. తర్వాత వచ్చే దడదడ శబ్దం అనుమానం ఉన్న చోటు కోసం తీసేది. అది వచ్చింది, అయిపోయింది. మళ్ళీ వచ్చింది. అదే, రెండోసారి. బావ, "ఏమిటది, పాడైపోయిందా?" అన్నాడు. మెషీను గురించి అడుగుతున్నాడని అర్థమవడానికి కాస్త టైం పట్టింది.

తర్వాత అక్క బయటికి వచ్చింది. టీచరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. గోరువెచ్చని నీళ్ళిచ్చింది. నేల మీద గొంతుక్కూర్చుని, అక్క పాదాలు ఒక్కొక్కటీ పట్టుకుని చెప్పులు తొడిగి పట్టీలు పెట్టింది. గుమ్మం దాకా నడిపించింది.

నా దగ్గరికి వచ్చి, "పొట్ట స్కాన్లు పెద్ద డాక్టరమ్మే చూడాలి కదండీ, ఆవిడ మంగళవారం గాని రారు" అంది. నా కళ్ళల్లోకి చూడలేదు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పే విషయం కాదు. బొమ్మల్లో ఏముందో మేం పేషెంటుకి చెప్పకూడదు. అది డాక్టర్ల పని. మొహం రాయిలా పెట్టుకోవడం మాకు అలవాటే. కానీ మొహాన్ని ఆపగలిగినంతగా చేతుల్ని ఆపలేం. తెర మీద బాగాలేనిది కనబడితే నాకు తెలీకుండానే మెత్తబడిపోతాను. నీళ్ళిస్తాను. దుప్పటి సర్దుతాను. చెప్పులు దగ్గరికి జరుపుతాను. బాగున్నవాళ్ళతోనే విసుక్కుంటాను, కదిలారనీ, ఆలస్యంగా వచ్చారనీ. విసుక్కున్నానంటే ఆ మనిషి హాయిగా ఇంటికి పోవచ్చు.

టీచరమ్మ మా అక్కకి చెప్పులు తొడిగింది.

అడిగితే చెబుతుంది. అందుకే అడగలేదు.


మార్చి 8, శనివారం

చూడనన్నాను. చూశాను. మూడు సెకన్లు.

క్లోమం లావుగా ఉంది. పైత్యరసం దిగే గొట్టం, నేను కామెర్ల గొట్టం అనేది, కిందకి వచ్చేసరికి దారంలా సన్నబడిపోయింది. మూసేశాను. నేను తీసేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు. అయినా ఇన్నేళ్ళుగా తీస్తున్న కళ్ళు కదా.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. అనుమానం రాకుండా మామూలుగా ఉండాలని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. సూప్ చేసింది, ఉప్పు వేయడం మరిచిపోయింది. చాలా బాగుందన్నాను. తాగి కప్పు కడిగి బోర్లించాను. బల్ల తుడిచాను. పైఅరలోంచి బరువైన గుడ్డల తాను ఒకటి కిందకి దించమంటే దించాను. ఎందుకని అడగలేదు.

అక్క నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి, "నీ పెళ్ళాం నిన్ను వదిలేసిపోయింది నీ నోటి మూలంగానే" అంది.

ఈ మాట మీద మేమిద్దరం ఆరేళ్ళుగా కొట్టుకుంటున్నాం. ఒకసారి దీని మీదే రెండు నెలలు మాటల్లేవు. ఇవాళ మాత్రం, "నువ్వన్నది నిజమే అక్కా" అన్నాను.

అక్క నేను కడిగిన కప్పు తీసి అరలో పెట్టింది. నా నటనకి నాకే ముచ్చటేసింది. బస్టాపు దాకా బాగానే వచ్చాను. అక్కడ మాత్రం ఏడ్చాను.


మార్చి 9, ఆదివారం

బాగానే నెట్టుకొస్తున్నాను. అక్కకి ఏమీ తెలీదు.


మార్చి 10, సోమవారం

అక్కకి ఓపిక పెరిగినట్టుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి వెళ్ళినప్పుడల్లా మిషను మీదే ఉంటోంది. కుట్టడం అయిపోయిన బట్టలు తీసుకెళ్ళమని అందరికీ కబురు పెట్టింది. కొత్తవి తీసుకోవడం లేదు. దారపు ఉండలన్నీ రంగుల వారీగా సర్ది డబ్బాల మీద పేర్లు రాసింది. ఇన్నేళ్ళకి షాపు షాపులా ఉంది. ఎమ్మారై అంటే భయపడింది కదా, అది అయిపోయాక తేలికపడి ఉంటుంది.

బావకి బట్టలు ఉతికే మిషను ఎలా వాడాలో నేర్పుతోంది. ఏ మీట నొక్కాలో కాగితం మీద రాసి మూతకి అంటించింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటాక బావకి మొత్తానికి పని చెప్పింది, మంచిదే.

ఒకటే వింత. నాలుగు రోజులుగా నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు. నీరసం అయ్యుంటుంది.

మా గదిలో ఇవాళ ఒక ముసలాయనకి మోకాలు తీశాను. పెద్దగా ఏమీ లేదు. కదిలాడని విసుక్కోబోయి, నోరు నొక్కుకుని కర్ర అందించాను. వెంటనే నా మొహంలోకి గాభరాగా చూశాడు. వాళ్ళకీ తెలుసా ఏమిటి?

రేపు మంగళవారం.


మార్చి 11, మంగళవారం

వాపు.

వాపు వాపు వాపు.

టీ తాగి వచ్చి రాస్తాను.

తాగాను. రెండు కప్పులు.

పెద్ద డాక్టరమ్మ తొమ్మిదింటికి వచ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. "అలా గుమ్మానికి అంటుకుపోతే నేను లోపలికెలా వెళ్ళాలి?" అని తప్పుకోమంది. అక్క బొమ్మలు తెరిచింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. నేను నేలకేసి చూస్తున్నాను.

"మీ అక్కగారికి ఒంటి మీద దద్దుర్లు, కళ్ళు పొడిబారడం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా?"

"కళ్ళు మండుతాయంటుంది. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ అనుకున్నాం."

"ఇటు రండి. తెర మీదకి చూడండి, నేల మీద ఏం లేదు."

వెళ్ళాను. క్లోమం మామూలుగా అంచులు గరుకుగా, చిన్న చిన్న ముడతలతో ఉంటుంది. అక్కది ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నగా, దూది ఎక్కువ కుక్కిన దిండులా ఉంది. చుట్టూ సన్నటి అంచు, ఎవరో పెన్నుతో గీసినట్టు.

"గడ్డైతే ఒక చోట ఉంటుంది. ఇది మొత్తం ఉబ్బింది" అందావిడ. "ఈ మధ్యలో గొట్టం చూడండి. గడ్డైతే దాని దగ్గరికొచ్చి ఠక్కున ఆగిపోతుంది, వెనకవైపు పొంగిపోతుంది. ఇక్కడ సన్నబడింది గాని ఆగలేదు. వాపులోంచి అలాగే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనకాల పొంగూ లేదు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే క్లోమం మీద తిరగబడితే ఇలా వాస్తుంది. అది కామెర్ల గొట్టాన్ని నొక్కేసింది."

"గడ్డ కాదా?"

"నా లెక్కలో కాదు. రక్తంలో ఒక ప్రోటీన్ చూడాలి, లోపలి నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది తేలేదాకా రిపోర్టులో ఖాయంగా రాయను. మీకు మాత్రం చెబుతున్నాను, స్టిరాయిడ్ మాత్రలకి లొంగే జబ్బులా ఉంది. మీరు కూర్చోండి ముందు. మీకు కామెర్లొచ్చినట్టున్నాయి."

కూర్చున్నాను. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారే, అది కాళ్ళలోంచి వస్తుందని నాకు తెలీదు. మోకాళ్ళ దగ్గర మొదలైంది.

టీచరమ్మ లోపల మెషీను బల్ల తుడుస్తోంది. వెళ్ళి అడిగాను. నా గొంతు నాకే మోటుగా వినిపించింది.

"శుక్రవారం మా అక్కకి చెప్పులెందుకు తొడిగారు?"

తెల్లబోయింది. "వంగితే ఆవిడకి నొప్పిగా ఉందండి. పట్టీ చెప్పులు కదా."

"ఆ దడదడ రెండోసారి ఎందుకు తీశారు?"

"దగ్గారు. బొమ్మ కదిలిపోయింది."

"నా మొహంలోకి ఎందుకు చూడలేదు?"

"మీరు కళ్ళార్పకుండా నా చేతులే చూస్తున్నారండీ. తప్పేం చేశానో అని నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు."

ఎవరికైనా అలాగే తొడుగుతారా అని అడిగాను.

"వంగలేని వాళ్ళందరికీ తొడుగుతాను. ఇన్నాళ్ళూ మీరు చూళ్ళేదా?"

చూడలేదు. ఏడేళ్ళుగా ఒకే గదిలో పనిచేస్తున్నాం. జనం మీద జాలి కలగడానికి లోపల ఏదో చెడ్డది ఉండాలని నేను అనుకున్నాను, ఆవిడా అలాగే అనుకుంటుందని అనుకున్నాను. అందుకు నాలుగు రోజులు నరకం చూశాను. తగిన శాస్తే జరిగింది.

సెలవడిగి షాపుకి పరుగెత్తాను. నిజంగానే పరుగెత్తాను, బస్సు కోసం ఆగలేదు. అక్క మిషను మీద ఉంది. బావ పక్కన కూర్చుని గుండీలు అందిస్తున్నాడు. నన్ను చూసి ఒడిలో ఉన్న గుడ్డ గబుక్కున బల్ల కిందకి తోసేసింది.

"వాపు అక్కా. గడ్డ కాదు, వాపు. మాత్రలతో తగ్గుతుందట. ఇంకో పరీక్ష ఉంది గాని పెద్ద డాక్టరమ్మకి నమ్మకంగా ఉంది."

బావ గుండీల డబ్బా చేతిలోంచి జారిపోయింది. అలాగే కిందకి కూలబడి గుండీలు ఏరుతూ ఏడుస్తున్నాడు. అక్క కదల్లేదు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. అరగంటైంది."

"మరి శనివారం నీకేం తెలుసు?"

"ఏం తెలీదు."

"ఏం తెలీకుండానే నా ఇంట్లో కప్పు కడిగావా?"

అక్క లేచి నిలబడింది. టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంది. అంటే చాలాసేపు పడుతుందని అర్థం.

"ఎప్పుడో భోజనాల దగ్గర నువ్వే చెప్పావు. లోపల బాగాలేకపోతే నా చేతులు మెత్తబడిపోతాయక్కా అని. నాతో, మీ బావతో, కూర పెట్టుకుంటూ చెప్పావు. శుక్రవారం ఆ టీచరమ్మ నా కాళ్ళకి చెప్పులు తొడిగినప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఉప్పు లేని సూప్ తాగి బ్రహ్మాండం అన్నావు. తేల్చుకుందామని నీ పెళ్ళాం ఊసెత్తాను. నిజమే అక్కా అన్నావు. నిజమే అక్కా! ఇంక నాకు ఎమ్మారై ఎందుకురా? రిపోర్టు ఎందుకు? నేను పోతున్నానని రూఢి అయిపోయింది. నాలుగు రోజులు. నాలుగు రోజులు నేను ఈ మనిషికి బట్టల మిషను నేర్పుతూ కూర్చున్నాను. అతనికి ఇప్పటికీ రాలేదు."

"వచ్చింది" అన్నాడు బావ కిందనుంచి.

"నువ్వు నోర్ముయ్యి."

నలభై నిమిషాలు తిట్టింది. గడియారం చూస్తూ విన్నాను. నా నోరు, నా కళ్ళద్దాలు, నా బుర్ర, నా ఫొటోలు, ఏదీ వదల్లేదు. మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది. చివర్లో దగ్గరికొచ్చి నా చొక్కా కాలర్ సరిచేసి, "భోంచేశావా?" అంది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా అక్క ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ అంత పొట్టిదని కూడా ఎప్పుడూ గమనించలేదు.

చాలా భయపడ్డాను. ఇప్పుడు రాసుకోవచ్చు. అక్క లేకపోతే నాతో పోట్లాడేవాళ్ళెవరూ లేరు.


మార్చి 18, మంగళవారం

ముక్క పరీక్ష వచ్చింది. రక్తం పరీక్షా వచ్చింది. రెండూ ఒకటే మాట. గడ్డ కాదు. పొట్ట డాక్టరు ఈసారి అక్కని లోపలే కూర్చోబెట్టి చెప్పాడు. "మీరు పొద్దున నాలుగు మాత్రలు వేసుకోవాలి, తక్కువ చేసుకుంటూ వద్దాం. నెలన్నరకి మళ్ళీ ఎమ్మారై" అన్నాడు.

"మళ్ళీ ఆ పైనాపిల్ రసం తాగాలా?" అని అడిగింది. అంతే అడిగింది.


మార్చి 29, శనివారం

అక్క కళ్ళు తెల్లబడ్డాయి. గోక్కోవడం పోయింది. మాత్రల వల్ల ఆకలి విపరీతంగా వేస్తోందట, నా వంతు కూడా తినేసింది. రెండుసార్లు పోట్లాడుకున్నాం. ఒకటి కుర్చీ గురించి, ఇంకోటి దేని గురించో గుర్తులేదు.


ఏప్రిల్ 3, గురువారం

ఇవాళ ఒకావిడకి చెప్పులు తొడిగాను. తలనొప్పని వచ్చింది, లోపల అంతా శుభ్రంగా ఉంది. వంగలేకపోతోంది, అంతే. నా మొహంలోకి భయంగా చూసింది. "ఇక్కడ అందరికీ తొడుగుతామండీ" అన్నాను. అబద్ధం, కానీ ఇవాళ్టి నుంచి కాదు. టీచరమ్మ అవతలి గదిలోంచి తొంగిచూసి వెళ్ళిపోయింది.


ఏప్రిల్ 28, సోమవారం

రెండో ఎమ్మారై. టీచరమ్మే తీసింది. నన్ను పక్కన కూర్చోనిచ్చింది, నోరెత్తకూడదన్న షరతు మీద. అక్క లోపలికి వెళ్ళే ముందు చేతులు చాపి, "వెతుక్కో" అంది. ఒక్క సూదీ లేదు.

పాత బొమ్మ ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టింది పెద్ద డాక్టరమ్మ. దిండులా ఉబ్బింది కాస్తా దిగిపోయి క్లోమం ముడతలు ముడతలుగా, ముచ్చటగా ఉంది. చుట్టూ గీసిన అంచు లేదు. కామెర్ల గొట్టం కిందదాకా తెరుచుకుంది. ఇంత అందమైన బొమ్మ నా సర్వీసులో చూడలేదు. డాక్టరమ్మతో అదే మాట అన్నాను. "ఇది మామూలుగా ఉండే క్లోమమేనండీ" అంది. మాత్రలు కొన్నాళ్ళు వాడాలట, మధ్యమధ్య చూపించుకోవాలట. చూపించుకుంటాం.

సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు, చంకలో మూట పెట్టుకుని. ఒక్కడే రావడం ఎప్పుడూ లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ అక్క వీటిని విప్పేయమంది" అన్నాడు. "ఇవాళ రిపోర్టు బాగా వచ్చింది కదా, ఇంక దేనికి, గుడ్డన్నా మిగులుతుంది, కుట్లు విప్పెయ్ అంది. కత్తెర పట్టుకున్నాను. నాకు మనసొప్పలేదు. నీకు చూపిద్దామని తెచ్చాను. చూపించానని చెప్పకు."

మూటలో చొక్కాలు. ఐదు. మార్చిలో ఆ నాలుగు రోజుల్లో మిషను మీద కూర్చుని కుట్టినవి. నేను పైఅరలోంచి దించిన తానులోవే. ఒక్కోదానికీ జేబు మీద గుండుసూదితో చిన్న కాగితం ముక్క ఉంది, అక్క రాత.

నలభై రెండు. ఇప్పటి కొలత.

నలభై మూడు. నడుం అరంగుళం.

నలభై నాలుగు. నడుం అంగుళం.

నలభై ఐదు. నడుం ఒకటిన్నర. గుండీలు పెద్దవి పెట్టాను, చూపు ఆనదు.

నలభై ఆరు. నడుం రెండు. తిండి తగ్గించు.

అవి నా వయసులు. ఏడాదికొకటి చొప్పున ఇమ్మని బావకి అప్పగించిందట. ఐదే ఎందుకని అడిగాను. తాను అయిపోయిందన్నాడు. కొత్తది తెప్పించమందట, ఈలోగా మంగళవారం వచ్చేసింది.

బావ వెళ్ళాక చాలాసేపు వాటిని మంచం మీద వరసగా పరుచుకుని కూర్చున్నాను. ఆవిడ పోతానని నమ్మింది. నమ్మాక కూర్చుని లెక్క కట్టింది, నేను ఏ ఏడాదికి ఎంత లావెక్కుతానో. ఇంకేం రాయను.


ఏప్రిల్ 29, మంగళవారం

ఇవాళ పనికి నలభై ఆరో చొక్కా తొడుక్కుని వెళ్ళాను. టీచరమ్మ చూసి, "మీ ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఇంత బాగా ఎప్పుడూ లేనన్నాను.

భోజనం వేళ అలాగే షాపుకి వెళ్ళాను. అక్క బల్ల మీద ఎవరిదో కోటు గీస్తోంది. వెలుతురుకి అడ్డొచ్చానని కేకేయబోయి ఆగింది. చొక్కా చూసింది. చాలాసేపు ఆవిడ చేతిలో సుద్ద కదల్లేదు.

"మీ బావ కడుపులో ఒక్క మాటా దాగదు" అంది చివరికి.

"దాగదు."

"అది ఇప్పటిది కాదు. విప్పు."

"ఉండనీ."

"గుడారంలా ఉంది. జనం నవ్వుతారు. నేను కుట్టానని తెలిస్తే నా షాపు పరువు పోతుంది."

"పోనీ."

"ఇప్పుడే తొడిగి పాడుచేస్తే నలభై ఆరో ఏట ఏం తొడుక్కుంటావురా?"

"అప్పుడు ఇంకోటి కుడుదువుగానిలే" అన్నాను.

అక్క సుద్ద కింద పెట్టింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. రెండు పక్కలా వదులుగా ఉన్న గుడ్డ పట్టుకుని లోపలికి మడిచి, కాలర్లోంచి సూది తీసి పెట్టింది. రెండో పక్క మడవబోతూ ఆగి, కళ్ళు తుడుచుకుంది.

"కుడతాను" అంది. "కదలకుండా నిలబడు."

నిలబడ్డాను.